కాక్టీల్ రెక్కకు రక్తం: ఆ ఈకను పీకమంటారా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది ప్రొద్దుటూరు. మావారి ఉద్యోగం వల్ల చెన్నైలో, పెరంబూరులో ఉంటున్నాం. మా పాప ముచ్చటపడితే రెండేళ్ల క్రితం కాక్టీల్ అనే చిలుక జాతి పక్షిని తెచ్చుకున్నాం. పేరు బుజ్జి. మొన్న రాత్రి ఒంటిగంట దాటాక పంజరంలో ఒకటే టపటపలు. లైటు వేసి చూస్తే ఊచల మీద, కింద వేసిన పేపరు మీద, పక్క గోడ మీద కూడా రక్తం. ఎడమ రెక్క నుంచి కారుతోంది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. మా అత్తయ్యే కాఫీ పొడి అద్ది, వేలితో గట్టిగా నొక్కి పట్టుకున్నారు. కాసేపటికి ఆగింది. పొద్దున అది ఒళ్లు దులుపుకోగానే మళ్లీ నాలుగైదు చుక్కలు కారి ఆగిపోయింది. దగ్గర్లో ఉన్న క్లినిక్‌కి ఫోన్ చేస్తే కుక్కల్నీ పిల్లుల్నీ తప్ప వేరేవి చూడం అన్నారు. మా ఆడపడుచు కొడుకు ఏదో వీడియో చూసి, ఆ ఈకను పీకేస్తే సరిపోతుందని కటింగ్ ప్లేయర్ పట్టుకుని కూర్చున్నాడు. పీకమంటారా? ఇలాంటప్పుడు ఇంట్లో ఏం చేయాలి? పాప బడికి కూడా వెళ్లకుండా పంజరం దగ్గరే కూర్చుంటోంది. – ఒక పాఠకురాలు, పెరంబూరు

సమాధానం: అమ్మా, ముందు ఆ కటింగ్ ప్లేయర్ లోపల పెట్టించండి. ఈక పీకవద్దు. ఒకసారి ఆగిన రక్తం మళ్లీ కారిందంటే బుజ్జిని డాక్టర్ చూడాల్సిందే. పెరంబూరులో ఉన్నారు కాబట్టి వేపేరి మీకు దగ్గరే. అక్కడి మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి ఫోన్ చేసి, పక్షుల్ని చూసే డాక్టర్లు ఏ వేళకు ఉంటారో కనుక్కుని ఈరోజే తీసుకెళ్లండి. మిగతా ఉత్తరం ఆసుపత్రి నుంచి వచ్చాక చదువుకోవచ్చు.

వెళ్లేటప్పుడు పెద్ద పంజరం వద్దు. గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టె చాలు. అడుగున పాత తువ్వాలు పరచండి. పైన కూర్చునే కర్ర పెట్టకండి, ఆటో కుదుపులకి పడిపోతుంది. నీళ్ల గిన్నె కూడా వద్దు, ఒలికి ఒళ్లు తడుస్తుంది. బదులుగా ఒక కీరా ముక్క వేయండి. రాత్రి రక్తం పడిన పేపరు పారేయకపోతే అది కూడా తీసుకెళ్లండి, లేదా ఫోటో తీసి చూపించండి. ఎంత రక్తం పోయిందో డాక్టర్‌కి మీ మాటల కంటే ఆ పేపరే బాగా చెబుతుంది.

ఇప్పుడు ఆ రాత్రి ఏం జరిగిందో చెబుతాను. పక్షులకు పాత ఈకలు రాలి కొత్తవి మొలుస్తుంటాయి కదా. కొత్తగా వస్తున్న ఈక కాడలో రక్తనాళాలు ఉంటాయి. రెక్కను వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే మిగతా కాడలు తెల్లగా, పొడిగా ఉంటాయి. ఇది మాత్రం లావుగా, నలుపో నీలమో కలిసిన రంగులో, పైన మైనం తొడుగు వేసినట్టు కనిపిస్తుంది. పక్షులు పెంచేవాళ్లు దీన్ని బ్లడ్ ఫెదర్ అంటారు. ఈక పూర్తిగా పెరిగాక ఆ రక్తనాళాలు ఎండిపోతాయి. ఈలోగా విరిగితే మాత్రం కాడ రెండు వైపులా తెరుచుకున్న స్ట్రా లాంటిదైపోతుంది, లోపలి రక్తం ఆ దారినే బయటికి వస్తుంది. మెత్తటి చర్మానికి గాయమైతే అంచులు దగ్గరకు ముడుచుకుని రక్తం ఆగడానికి కొంత వీలుంటుంది. గట్టి గొట్టానికి ఆ వీలు లేదు. అందుకే ఆగినట్టే ఆగి, పక్షి ఒళ్లు దులుపుకున్నప్పుడు పైన కట్టిన గడ్డ ఊడిపోయి మళ్లీ మొదలవుతుంది. మీ బుజ్జికి పొద్దున జరిగింది ఇదే.

రక్తం ఎంత పోతే ప్రమాదం అన్నది ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి. పక్షి ఒంట్లో రక్తం దాని బరువులో దాదాపు పదో వంతు. ఎదిగిన కాక్టీల్ 80 నుంచి 100 గ్రాములు తూగుతుంది, అంటే మొత్తం రక్తం 8 నుంచి 10 మిల్లీలీటర్లు. రెండు టీస్పూన్లకు మించదు. ఆరోగ్యంగా ఉన్న పక్షి అందులో పదో వంతు, అంటే సుమారు ఒక మిల్లీలీటరు పోయినా తట్టుకుంటుంది. అది లెక్కకి 20 చుక్కల లోపు. బడ్జీ అనే చిన్న చిలుక అయితే 30 గ్రాములే ఉంటుంది కాబట్టి ఆరు చుక్కలకే మనం జాగ్రత్త పడాలి. గోడ మీద చిమ్మిన మరకలు చూసి గుండె జారిపోతుంది గానీ, రెక్కలు కొట్టుకున్నప్పుడు ఒక్క చుక్కే పది మరకలవుతుంది. కాబట్టి మరకలు కాదు, చుక్కలు లెక్కపెట్టండి. అదే పనిగా కారుతూ ఉన్నా, ఐదు నిమిషాలు నొక్కి పట్టినా ఆగకపోయినా ఇంట్లో ఇంకేదో ప్రయత్నం చేయకుండా బయలుదేరండి.

మీ అత్తయ్యగారి గురించి ఒక మాట. ఆమె మీద ఎవరూ కోప్పడకండి. ఆ రాత్రి బుజ్జిని కాపాడింది ఆమే. అయితే రక్తాన్ని ఆపింది కాఫీ పొడి కాదు, ఆమె వేలు. మన ఇళ్లలో వేలు తెగితే కాఫీ పొడి అద్దడం అలవాటే, కానీ పక్షి విషయంలో అది వద్దు. కాఫీలోని కెఫీన్ పక్షులకు విషం. గుండె దడ, వణుకు, ఫిట్స్ దాకా తీసుకెళ్లగలదు. పక్షి రోజంతా ముక్కుతో ఈకలు సవరించుకుంటూనే ఉంటుంది కాబట్టి రెక్క మీద పెట్టింది కడుపులోకి పోయినట్టే. గాయం చుట్టూ ఈకల్లో ఇంకా పొడి కనిపిస్తే సెలైన్‌తో తడిపిన గుడ్డతో మెల్లగా తుడవండి. గడ్డ కట్టిన చోటిని మాత్రం ముట్టుకోకండి. పొడి వాడిన సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

కాఫీ పొడి బదులు మీ వంటింట్లో ఉండే కార్న్‌ఫ్లోర్ వాడండి. అది లేకపోతే మైదా. చిటికెడు తీసుకుని రక్తం వచ్చే చోట పెట్టి, పైన శుభ్రమైన గాజ్ గుడ్డో మడిచిన టిష్యూనో ఉంచి వేలితో నొక్కాలి. దూది వద్దు, దాని పోగులు గడ్డకు అంటుకుని తీసేటప్పుడు గడ్డతో సహా వస్తాయి. రెండు మూడు నిమిషాలు గడియారం చూసి నొక్కండి. మధ్యలో ఆగిందా లేదా అని ఎత్తి చూడటమే అందరూ చేసే పని, ఎత్తిన ప్రతిసారీ కథ మొదటికొస్తుంది.

దానికంటే కష్టమైన పని పక్షిని సరిగ్గా పట్టుకోవడం. ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. మనకు ఊపిరి ఆడించడానికి పొట్టకూ ఛాతీకీ మధ్య డయాఫ్రమ్ అనే కండరం ఉంటుంది. పక్షికి అది లేదు. రొమ్ము ఎముక ముందుకీ వెనక్కీ కదిలితేనే దానికి గాలి అందుతుంది. రక్తం చూసిన కంగారులో ఎవరైనా గుప్పిట బిగించి పట్టుకుంటే నోరు తెరిచి అరవను కూడా అరవలేదు, చేతుల్లోనే ఊపిరాగిపోతుంది. గాయంతో బతకాల్సిన పక్షి పట్టుకోవడంతో పోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడని విషయం. అందుకే ముందు ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, ఒక పలచటి చేతి తువ్వాలును వెనక నుంచి కప్పి పట్టుకోండి. బొటనవేలు, చూపుడువేలు దాని దవడలకు అటూ ఇటూ ఉండాలి. అరచేయి వీపు మీద ఉండాలి. ఛాతీ మీద ఒక్క వేలు కూడా బిగించకూడదు. ఒకరు అలా పట్టుకుంటే ఇంకొకరు రెక్క మడత దగ్గరి ఎముకను పట్టుకుని మెల్లగా విప్పి ఏ ఈక నుంచి వస్తోందో చూడాలి. ఈక చివర పట్టుకుని లాగి రెక్క విప్పకూడదు. నోరు తెరిచి రొప్పుతున్నా, ఒళ్లు మెత్తబడిపోతున్నా వెంటనే వదిలేయండి. రక్తం కంటే ఊపిరి ముందు.

ఇక ఈక పీకడం. ఒకప్పుడు పక్షుల పుస్తకాల్లో కూడా బ్లడ్ ఫెదర్ విరిగితే పీకేయమనే రాసేవారు, ఆ వీడియోల్లో చెప్పేది ఆ పాత పద్ధతే. ఇప్పుడు చాలామంది డాక్టర్లు రక్తం ఆగిపోతే దాన్ని కదిలించవద్దంటున్నారు. కారణం ఏమిటంటే, రెక్కలోని పెద్ద ఈకల వేర్లు ఎముక దాకా అతుక్కుని ఉంటాయి. బలంగా లాగితే సన్నటి ఎముక విరగొచ్చు. ఈక మొలిచే గుంట దెబ్బతింటే ఇక అక్కడ ఈక వంకరగా రావొచ్చు, అసలు రాకపోవచ్చు. కాడ సగంలో తెగిందంటే రక్తం ఆగదు సరికదా, పట్టుకోవడానికి కూడా ఏమీ మిగలదు. పైగా అది పక్షికి భరించలేని నొప్పి. తప్పనిసరైతే డాక్టర్ నొప్పి తెలియకుండా మందిచ్చి, ఎముకకు ఊతమిచ్చి తీస్తారు. మీ ఆడపడుచు కొడుకు మంచి మనసుతోనే అన్నాడు, అతనికి ఆటో పిలిచే పని అప్పజెప్పండి.

రక్తం ఆగాక అందరూ చేసే పొరపాటు పక్షికి సేవలు చేయడం. ఒళ్లంతా రక్తం అంటిందని స్నానం చేయించకండి, తడిస్తే ఒంట్లో వేడి పోతుంది. నోట్లో చుక్క చుక్కగా గ్లూకోజ్ నీళ్లు పోయకండి. పక్షి నాలుక వెనకే గాలిగొట్టం తెరుచుకుని ఉంటుంది, బలవంతంగా పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. చుట్టుపక్కల పిల్లలందరినీ పిలిచి చూపించకండి. మసక వెలుతురు, నిశ్శబ్దం, కొద్దిగా వెచ్చదనం, అందుబాటులో దానికి అలవాటైన కొర్రలూ నీళ్లూ. అంతకు మించి ఆ గంటలో దానికి ఏమీ అక్కర్లేదు.

వెచ్చదనం గురించి చెన్నైవాళ్లకి వేరేగా చెప్పాలి. దెబ్బతిన్న పక్షిని 30 డిగ్రీల దగ్గర ఉంచాలని చదివి, మే నెలలో కూడా పెట్టె పక్కన బల్బు వెలిగించేవాళ్లున్నారు. మన ఎండాకాలం రాత్రుల్లో గది మామూలుగానే ఆ వేడిలో ఉంటుంది. ఏసీ గాలి, ఫ్యాను గాలి నేరుగా తగలకుండా చూస్తే చాలు. నవంబర్, డిసెంబర్ వానల్లో మాత్రం సీసాలో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి, పెట్టెకు ఒక పక్కన మాత్రమే పెట్టండి, వేడెక్కువైతే రెండో పక్కకు జరగగలగాలి. ఈకలు ఉబ్బించుకుని ముడుచుకుంటే చలి అని, నోరు తెరిచి రెక్కలు ఒంటికి ఎడంగా పెడితే వేడి ఎక్కువైందని గుర్తు.

గాయం మీద పూసేవాటి గురించి ఎక్కువమంది అడుగుతుంటారు. నెయ్యి, కొబ్బరినూనె, వ్యాసలీన్, జిడ్డుగా ఉండే ఏ ఆయింట్‌మెంటూ వద్దు. ఈకలు అతుక్కుపోయి పక్షి తన వేడిని నిలుపుకోలేదు. డెట్టాల్ వద్దు. ఇంట్లో చర్మానికి వాడే స్టెరాయిడ్ క్రీములు అసలే వద్దు, చిన్న పక్షికి ఆ పూత కూడా ఒంట్లోకి ఇంకి రోగనిరోధక శక్తిని దెబ్బతీస్తుంది. నొప్పి తగ్గుతుందని పారాసెటమాల్ ముక్క నూరి పోయవద్దు. పసుపు రక్తాన్ని ఆపదు, పైగా అంతా పచ్చగా అయిపోయి రక్తం ఎక్కడి నుంచి వస్తోందో డాక్టర్‌కి కనబడదు. కడగాల్సి వస్తే సెలైన్, లేదా పలచటి టీ డికాషన్ రంగు వచ్చేంత నీళ్లు కలిపిన బీటాడిన్. అంతే.

గోరు కత్తిరిస్తుంటే రక్తం వస్తే గోరు కొసను కార్న్‌ఫ్లోర్‌లో గుచ్చి నొక్కండి. పెట్ షాపుల్లో దొరికే, రక్తం ఆపే స్టిప్టిక్ పౌడర్ కూడా గోటికి మంచిదే. కానీ అది గోటికి మాత్రమే. చర్మం మీద, విరిగిన ఈక మొదట్లో, నోట్లో పెడితే కాలిపోతుంది. నాలుక నుంచి, నోటి లోపలి నుంచి రక్తం వస్తే ఇంట్లో చేసేదేమీ లేదు, వెంటనే వెళ్లాలి. రెట్ట వేసే చోటి నుంచి రక్తం వచ్చినా అంతే. ఆడపక్షి అయితే గుడ్డు అడ్డం పడి ఉండొచ్చు. సీలింగ్ ఫ్యాను దెబ్బ తగిలి రెక్క వేలాడుతుంటే అగ్గిపుల్లలు పెట్టి కట్టు కట్టకండి, ఎక్కువ కదలకుండా చిన్న పెట్టెలో పెట్టి తీసుకెళ్లండి.

పిల్లి సంగతి మాత్రం కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడే ఎక్కువమంది ఏమరుపాటుగా ఉంటారు. మేడ మీదో బాల్కనీలోనో పిల్లి పంజా విసిరిందనుకోండి. పక్షి బాగానే అరుస్తుంది, తింటుంది, రెండు చుక్కల రక్తం కూడా ఆగిపోయింది, హమ్మయ్య అనుకుంటాం. పిల్లి పన్ను సూదిలా దిగుతుంది, పైకి గాటు కూడా కనిపించదు. దాని నోట్లో ఉండే పాశ్చురెల్లా అనే బ్యాక్టీరియా మాత్రం లోపలికి చేరిపోతుంది. ఒకటి రెండు రోజుల్లోనే పక్షి ప్రాణం పోవచ్చు. పిల్లి నోట పడిందంటే గాయం కనిపించినా కనిపించకపోయినా అదే రోజు యాంటీబయాటిక్ పడాలి. అది కూడా డాక్టర్ బరువు చూసి ఇచ్చినదే, ఇంట్లో మిగిలిన మాత్ర కాదు.

మళ్లీ బుజ్జి దగ్గరికి వద్దాం. రాత్రిపూట ఉన్నట్టుండి బెదిరి పంజరంలో కొట్టుకోవడం కాక్టీల్‌లలో మామూలు. పెంచేవాళ్లు దీన్ని నైట్ ఫ్రైట్ అంటారు. గోడ మీద బల్లి పాకినా, కిటికీలోంచి బండి లైటు పడినా, దీపావళి టపాసు పేలినా చాలు. చిమ్మచీకట్లో ఎటు ఎగరాలో తెలియక ఊచలకు కొట్టుకుంటుంది. కొత్త ఈకలు మొలిచే కాలంలో అయితే ఈ దెబ్బకే బ్లడ్ ఫెదర్ విరుగుతుంది. కాబట్టి గదిలో ఒక జీరో బల్బు రాత్రంతా వెలగనివ్వండి. పంజరాన్ని కిటికీ దగ్గర నుంచి గోడ వైపుకి మార్చండి. గుడ్డ కప్పే అలవాటుంటే ఒక పక్క తెరిచి ఉంచండి. రాత్రికి వేలాడే ఆటబొమ్మలు తీసేయండి. మళ్లీ బెదిరితే లైటు వేసి, చెయ్యి పెట్టకుండా, దూరం నుంచే పేరు పెట్టి మెల్లగా పిలవండి. ఈ పని మీ పాపకి ఇవ్వండి, దాని గొంతు బుజ్జికి అందరికంటే బాగా తెలుసు.

రెక్కలు కత్తిరించి ఉన్నాయేమో కూడా చూడండి. పక్కన పెద్ద ఈకలు లేకపోతే కొత్తగా వచ్చే ఈకకు ఆసరా ఉండదు, అది ఒంటరిగా ముందుకు పొడుచుకొచ్చి ప్రతి చిన్న దెబ్బకీ విరుగుతుంది. కత్తిరించి ఉంటే ఈసారికి మానేయండి.

చిన్న డబ్బాలో కార్న్‌ఫ్లోర్, గాజ్ గుడ్డ, సెలైన్ సీసా, చేతి తువ్వాలు, ఒక అట్టపెట్టె పంజరం దగ్గరే ఉంచుకోండి. గ్రాముల్లో తూచే వంటింటి కాటా ఒకటి కొనండి, వారానికోసారి బుజ్జిని తూచి రాసుకోండి. 90 గ్రాముల పక్షి 80కి దిగిందంటే, అది ఎంత హుషారుగా కనిపించినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పక్షులు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. వేపేరిలో చూపించినప్పుడే, అర్ధరాత్రి అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో అడిగి ఆ నంబరు పంజరం పక్కన గోడకు అంటించండి. రాత్రి ఒంటిగంటకు ఫోనులో వెతుక్కోవడం కంటే అది చాలా నయం.

ఇది మీకు వర్తించదు గానీ, చదివే మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. మన రామచిలుకల్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆ భయంతోనే కొందరు దెబ్బ తగిలినా డాక్టర్ దగ్గరికి తీసుకురారు, మధ్యలో నలిగేది ఆ పక్షి. మేడ మీద దెబ్బతిన్న రామచిలుక దొరికితే ఇంట్లో ఉంచేసుకోకుండా పెట్టెలో పెట్టి, అటవీశాఖకో, జంతువుల్ని కాపాడే బ్లూ క్రాస్ సంస్థకో కబురు చేయండి. కాక్టీల్ ఆస్ట్రేలియా పక్షి కాబట్టి ఆ చట్టంలో మన చిలుకలకున్న నిషేధం దానికి లేదు, మీరు నిశ్చింతగా ఆసుపత్రికి వెళ్లొచ్చు.

చూపించి వచ్చాక రెండు మూడు రోజులు కూర్చునే కర్రల్ని కిందికి దించి ఉంచండి, తిండీ నీళ్లూ దాని ముక్కుకి అందేంత దగ్గరలో పెట్టండి. తినడం, రెట్ట వేయడం మామూలుగా ఉందో లేదో గమనించండి. పంజరం అడుగున కూర్చుండిపోయినా, ఊపిరి తీసినప్పుడల్లా తోక కిందికీ పైకీ ఊగుతున్నా, కళ్లు మూసుకుని తూగుతున్నా పొద్దుటిదాకా ఆగకండి. రెక్క మీద మళ్లీ తడి కనిపిస్తే ఏం చేయాలో మీ అత్తయ్యగారికి తెలుసు. ఈసారి ఆమె చేతికి కార్న్‌ఫ్లోర్ డబ్బా అందించండి.